రాయి చెప్పేది ముందు విందాం

ఒక గుర్తు కనిపించగానే దాని అర్థం మనకు తెలిసిపోయినట్టే అనిపిస్తుంది. శిలువ అంటే ఇది, చేప అంటే అది, తామర అంటే ఫలానా అని టక్కున చెప్పేస్తాం. పాత రాళ్ల మీది గుర్తులను, రాతలను చదివేటప్పుడు మాత్రం ఈ తొందర పనికిరాదు. మనకు కావలసిన అర్థాన్ని రాయి చేత చెప్పిస్తే, రాయి నిజంగా చెబుతున్నది మరుగున పడుతుంది. తొలినాటి క్రైస్తవుల గుర్తులున్న రెండు రాళ్లు ఈ సంగతిని మనకు బాగా నేర్పుతాయి. ఒకటి రోము నగరానిది, రెండోది మన చెన్నైలోనే ఉంది.

ముందుగా చేప గుర్తు సంగతి చూద్దాం. గ్రీకు భాషలో చేపను ‘ఇఖ్థుస్’ అంటారు. గ్రీకు లిపిలో ఆ మాటకు ఐదు అక్షరాలు. ఏసు, క్రీస్తు, దేవుని, కుమారుడు, రక్షకుడు అనే అర్థాలున్న ఐదు గ్రీకు మాటల మొదటి అక్షరాలు వరుసగా అవే. అలా తొలి క్రైస్తవులకు ఒక చిన్న చేప బొమ్మే వాళ్ల విశ్వాసాన్ని చెప్పే గుర్తయింది. అంతమాత్రాన పాతకాలపు చేప బొమ్మలన్నీ క్రైస్తవులవి అనలేం. రోమన్ల ఇళ్ల నేల మీద రంగురాళ్లతో పొదిగిన చేపలు ఉత్త సముద్రపు చేపలే. మదురై పాండ్యులకు చేప రాజచిహ్నం. బొమ్మ ఒకటే అయినా చోటు మారితే మాట మారుతుంది.

రోములో వాటికన్ దగ్గర దొరికిన ఒక సమాధి రాయి ఇంకో చిక్కు చూపిస్తుంది. అది 3వ శతాబ్దం నాటిది, లిసీనియా అమియాస్ అనే ఆమెది. దాని మీద రెండు చేపలు, ఒక లంగరు చెక్కి ఉన్నాయి. ‘జీవించేవారి చేప’ అనే అర్థం వచ్చే గ్రీకు మాటలూ ఉన్నాయి. అయితే అన్నిటికన్నా పైన ‘డి’, ‘ఎం’ అనే రెండు లాటిన్ అక్షరాలు కనిపిస్తాయి. చనిపోయినవారి ఆత్మదేవతలకు అంకితం అని వాటి అర్థం. అది క్రైస్తవుల మాట కాదు, పాత రోమన్ల ఆచారం. సమాధి రాయి అంటే పైన ఆ రెండక్షరాలు ఉండటం అప్పట్లో రివాజు. పైభాగం మాత్రమే చూసినవాళ్లు ఈ రాయి క్రైస్తవులది కాదంటారు. చేపల్ని మాత్రమే చూసినవాళ్లు ఇక వేరే మాటే లేదంటారు. ఇద్దరూ సగం రాయినే చదివినట్టు. పూర్తిగా చదివితే, కొత్త విశ్వాసంలోకి వచ్చినా ఊరి అలవాటును వదలని ఒక కుటుంబం కనిపిస్తుంది.

ఇక మన దేశంలోని రాయి. చెన్నై విమానాశ్రయానికి దగ్గరలో సెయింట్ థామస్ మౌంట్ అనే గుట్ట ఉంది. 1547లో పోర్చుగీసువాళ్లు అక్కడ చర్చి కోసం తవ్వుతుంటే, శిలువ చెక్కిన రాతిపలక బయటపడింది. శిలువకు పైన పావురం, అడుగున ఆకులు. చుట్టూ ఉన్న తోరణం మన గుళ్లలోని మకరతోరణాన్ని గుర్తుచేస్తుంది. ఆ తోరణం వెంబడి ఎవరికీ అంతుపట్టని లిపిలో ఒక చిన్న రాత.

పోర్చుగీసువాళ్లు దాన్ని ఒక స్థానిక పండితుడి చేత చదివించారు. సెయింట్ థామస్ గురించి పెద్ద కథే అందులో ఉందని ఆయన చెప్పాడు. వినేవాళ్లు కోరుకున్నదీ అదే, కాబట్టి నమ్మారు. ఒక్క చిన్న వాక్యంలో అంత కథ ఎలా పట్టిందని అప్పుడే అడిగి ఉండాల్సింది! 1873లో బర్నెల్ అనే విద్వాంసుడు అది పాత ఇరాన్‌కు చెందిన పహ్లవీ లిపి అని రాశాడు. ఆయనకు అందులో క్రీస్తును గురించిన సిద్ధాంతం కనిపించింది. 20వ శతాబ్దంలో వింక్‌వర్త్ చదివితే అది ఒక మనిషి కోసం చేసిన ప్రార్థన అని తేలింది. చహర్‌బుఖ్త్ కొడుకు అఫ్రాస్‌ను కరుణించమని క్రీస్తును వేడుకుంటున్నారు. తర్వాత జిన్యూ అనే ఫ్రెంచి పండితుడు ఆ కొడుకు పేరును గాబ్రియేల్ అని చదివాడు. పహ్లవీలో ఒకే గీత న, వ, ర అనే మూడు ధ్వనులకూ రావచ్చు. మన ప, ఫ, ష, వ అక్షరాల తేడాలన్నీ చెరిగిపోతే ఎంత తికమకో, అదీ అంత తికమకే.

అయితే ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చా అని కొందరు అడగవచ్చు. అలా కాదు. తండ్రి పేరు దగ్గర, కరుణించమన్న వేడుకోలు దగ్గర ఆ ఇద్దరు పండితులూ కలుస్తారు. కొడుకు పేరు దగ్గరే తేడా. కథ నుంచి సిద్ధాంతానికి, సిద్ధాంతం నుంచి ఒక మనిషి పేరు దాకా వచ్చామంటే, అక్షరం అక్షరం పట్టుకుని చూసిన ఓపికే కారణం. తొందరపడి చెప్పిన అర్థాల కింద ఆ తండ్రీకొడుకులు మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ కనిపించలేదు.

బదిలీల మీద ఊళ్లు తిరిగే మన కుటుంబాలకు ఈ రాయి పరాయిది కాదు. ఎక్కడి ఇరాన్ లిపి, ఎక్కడి తమిళ దేశం! మన పేరును కొత్త బడిలో తప్పుగా పలికినప్పుడు, మన యాస విని ‘మీరంతా ఇంతే’ అన్నప్పుడు ఎలా ఉంటుందో మనకు తెలుసు. మనమూ పక్క బెంచీ వాళ్ల తలపాగానో, బొట్టునో, మెడలోని శిలువనో చూసి వాళ్లను చదివేశామని అనుకుంటాం. అది సగం రాయిని చదవడమే.

అందుకే మన ఊళ్లో పాత చర్చి గానీ, గుడి గానీ, దర్గా గానీ కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ గుర్తు ఎక్కడ ఉంది? దాని పక్కన ఇంకేం ఉన్నాయి? ఈ రాత ఏ లిపి, ఏ భాష? చూసింది ఒక పేజీలో, ఊహించింది ఇంకో పేజీలో రాసుకుందాం. అక్షరాలు బాగా కనబడాలని సుద్ద పూయడం, గీకడం వద్దు. ఫోన్‌లో ఎవరో పంపిన అర్థాన్ని ఈ మూడు ప్రశ్నలూ అడగకుండా ఇంకొకరికి పంపడమూ వద్దు. తెలియని దగ్గర తెలియదని రాసి ఖాళీ వదిలేద్దాం. ఆ ఖాళీని నింపే పహ్లవీయో, పాళీయో, పాత కన్నడమో రేపు మనలోనే ఎవరో ఒకరు నేర్చుకోవచ్చు.