పరదేశ ముచ్చటలు: వాకిటి మర్యాద

పరదేశమున కాపురము పెట్టిన యిల్లాలు మొదట నేర్వవలసిన విద్య వాకిటి మర్యాద. వచ్చినవారు ఏమని పిలుతురు, మనమేమని బదులు పలుకవలెను అను సంగతి తెలిసిననే గాని యిరుగుపొరుగు కుదరదు. తూర్పు ఆఫ్రికాయందలి టాంజానియా దేశమున, హిందూమహాసముద్రపుటొడ్డున నున్న దార్ ఎస్ సలామ్ నగరమున మేము గమనించిన కొన్ని ముచ్చటలను ఈ మాసము విన్నవించుచున్నాము.

ఇచ్చటివారిది స్వాహిలీ భాష. ఒరులయింటికి వచ్చినవారు వాకిట నిలిచి "హోడి" యని పిలుతురు. లోపలివారు "కరిబు", అనగా దయచేయుడు, అనువరకు గడప దాటరు. పిన్నలు పెద్దలను జూచి "షికమో" యందురు. పెద్దలు "మరహబ" యని దాని నందుకొందురు. నమస్కరించిన బిడ్డను దీవించు మన యాచారమే జ్ఞప్తికి వచ్చును.

వీరి గంటల లెక్క వేరు. మన యుదయము ఏడుగంటలు వీరికి ఒకటవ గంట. భూమధ్యరేఖ చేరువ యగుటచే ఏడాదిపొడుగున సూర్యోదయవేళ యంతగా మారదు. కావున ప్రొద్దుపొడుపునుండి లెక్కించుట సుకరము. మన పూర్వుల ఘడియల లెక్కయు నట్టిదే గదా! కూరలామె రెండుగంటలకు వత్తుననిన, మనము ఎనిమిదింటికి గంప సిద్ధము చేసికొనవలెను.

స్త్రీలు ధరించు "కంగా" యను వస్త్రము జంటగా అమ్ముదురు. చుట్టును అంచు, నడుమ చిత్రము, దాని క్రింద నొక సామెతయో సూక్తియో అచ్చువేయబడి యుండును. ఇరుగింటివారితోను సవతితోను నోట ననలేని మాటను ఆ వస్త్రముచే బలికింతురు. కావున రంగు నచ్చినదని చదువక కొనరాదు.

అన్నిటికన్న మా మనసున నాటిన మాట "పొలే". కాలు తొట్రుపడినవారిని, జ్వరపడినవారిని, పనినుండి యలసి వచ్చినవారిని జూచి, దారిని బోవువారు సైతము ఈ మాట యందురు. నీ కష్టము మాకు తెలిసినది అని దాని భావము.

రెండేండ్ల క్రిందట మా తల్లిగారు స్వగ్రామమున గతించిరని ఫోనులో దెలిసెను. విమానమెక్కి చేరులోపలనే దహనము ముగియును; కడచూపు దక్కలేదు. ఆనాడు మా యింట పొయ్యి వెలుగలేదు. సాయంకాలమునకు వాకిట "హోడి" యని వినబడెను. ఇరుగుపొరుగు స్త్రీలు చాపలు చంకబెట్టుకొని వచ్చి, "పొలే సానా" యని చేయి పట్టుకొని, నేలపై గూర్చుండిరి. మేము మాంసము తినమని యెరిగి కొబ్బరిపాలతో వండిన యన్నము తెచ్చిరి. వెడలునపుడు పెద్దామె మడిచిన నోట్లు మా చేత బెట్టెను. వలదంటిమి. "దుఃఖములో మా పాలు తీసికో, బిడ్డా" యనెను. చావు గలిగిన యింటికి ఇరుగుపొరుగులందరు కొంచెము కొంచెము కూర్చి యిచ్చుట యిచ్చటి వాడుక. మరుసటి యేడు ఆమె యింట భర్త పోగా, మేమును చాపతో బోయి కూర్చుంటిమి.

సోదరీమణులారా, హైదరాబాదులోను విశాఖపట్టణములోను చదువుకొనుటకై వచ్చిన ఆఫ్రికా ఖండపు బిడ్డలు గలరు. వారి తల్లులు సముద్రమున కావల నున్నారు. మీ వీధిలో నట్టివారెవరైన జ్వరపడినచో, భాష రాదని సంకోచింపక చారన్నము పట్టుకొని వాకిట నిలిచి పిలువుడు. స్వాహిలీ తెలిసినవారికి "పొలే" యన్న నొక్క మాట చాలును. తక్కినది వారికి తెలియును.