మంచి తుపాకిని చంపిందెవరు?

వేట పోయింది. పోవాల్సిందే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకపోయుంటే ఈ దేశపు అడవుల్లో ఈపాటికి చెట్లు తప్ప ఏమీ మిగిలేవి కావు. వేటను వెనక్కి తెమ్మని నేను అడగడం లేదు. వేటతోపాటు మంచి తుపాకిని కూడా ఎందుకు పాతిపెట్టారని అడుగుతున్నాను. నూజివీడు మామిడి రైతుగా అడుగుతున్నాను.

జమీందారీల కాలం నాటి ఇంగ్లండు డబుల్ బ్యారెల్ ఒకటి మా వైపు చూశాను. దాన్ని మూసి, గొట్టాలు చట్రానికి ఆనేచోట కిటికీకి ఎదురుగా పట్టుకుంటే సన్నటి వెలుతురు గీత కూడా కనపడదు. ఆ కాలపు పనివాడు ఇనుముకు దీపం మసి పూసేవాడు. మూసి తెరిచి, మసి అంటినచోట మాత్రమే ఆకురాయితో ఒక్క గీటు గీసేవాడు. మళ్లీ మసి, మళ్లీ గీటు. రెండు ముక్కలూ ఒకటయ్యేదాకా అంతే. వాల్‌నట్ చెక్క ఇనుముతో కలిసేచోట గోరుతో రాసినా అంచు తగలదు. ఇప్పుడొచ్చిన కొత్తది ఒకటి, ఓ రైతు అప్పుచేసి కొన్నది, చేతిలోకి తీసుకున్నాను. చెక్కకూ ఇనుముకూ మధ్య సందులో లప్పం కూరి రంగు పూశారు. కాల్చాక ఖాళీ తూటా ఊడిరాదు, చాకుతో పీకాలి. డబ్బు తీసుకుని ఇలాంటి వస్తువు అంటగట్టడం మోసం. దానికి నా దగ్గర వేరే మాట లేదు.

ఈ పతనం ఒక్కరోజులో రాలేదు. మన చేతిలో తుపాకి అంటే తెల్లదొరకు మొదటినుంచీ గుబులే. 1878 ఆయుధాల చట్టం ఆ గుబులులోంచి వచ్చిందే. 1907 ప్రాంతంలో .450 తూటాను ఇండియాలో నిషేధించారు. ఆ నిషేధాన్ని దాటడానికే హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు .465 తయారుచేశారు. సైన్యం వాడే .303 పౌరులకు దక్కకూడదన్నారు కాబట్టే మనకు .315 మిగిలింది. స్వతంత్రం వచ్చాక కూడా బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరులకోసం అదే .315 చేస్తూ వచ్చింది. దొర పోయినా దొర అనుమానం మాత్రం పోలేదు.

1980ల మధ్యలో విదేశీ తుపాకుల దిగుమతిని సామాన్యులకు మూసేశారు. పేరున్న షూటింగ్ క్రీడాకారులకు మాత్రమే సడలింపు. రైఫిలంటే దశాబ్దాల తరబడి సర్కారు ఫ్యాక్టరీదే. పోటీ లేనిచోట పని బాగుపడదు. పాత తుపాకి స్ప్రింగు విరిగితే విడిభాగం దొరకదు, దాన్ని బాగుచేసే మేస్త్రీ కొడుకు ఆ పని నేర్చుకోడు. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలుగా విడగొట్టారు. బోర్డులు మార్చారు సరే, కొన్నవాడి ఫిర్యాదుకు జవాబు చెప్పే మనిషిని ఎక్కడ కూర్చోబెట్టారు?

అమెరికాలో ఏం జరిగిందో చూడండి. వించెస్టర్ మోడల్ 70 అక్కడి వేటగాళ్లకు ప్రాణం. తూటా మ్యాగజైన్‌లోంచి లేస్తుండగానే దాని అంచును ఒడిసిపట్టి, బయటకు విసిరేదాకా వదలని పొడవాటి ఉక్కు కొక్కెం దానికి ఉండేది. 1964లో ఖర్చు తగ్గించుకోవాలని కంపెనీ ఆ కొక్కెం తీసేసింది. చెక్కమీద చేత్తో చెక్కే గళ్లను అచ్చుగుద్దింది. కొన్నవాళ్లు ఊరుకోలేదు. కొత్తవాటిని ఈసడించి, 1964కు ముందువాటిని వెతికి వెతికి ఎక్కువ ధరకు కొన్నారు. చివరికి 1990లలో కంపెనీ ఆ కొక్కేన్ని మళ్లీ పెట్టింది. 2006లో న్యూహేవెన్ ఫ్యాక్టరీ మూతపడింది, అది వేరే సంగతి. వాడేవాడు గట్టిగా నిలబడితే తయారుచేసేవాడు దిగొస్తాడని అక్కడ రుజువైంది. మనం ఎన్నడు నిలబడ్డాం?

తోటకు తుపాకెందుకని పట్నంలో కూర్చుని అడిగేవాళ్లున్నారు. చిన్నరసాలు కోతకొచ్చే వేళకు కోతుల మంద దిగితే, తిన్నది కొంత, కొరికి పారేసింది కొండంత. కోతిని చంపమని ఎవరూ అనడం లేదు. ఒక్క ఖాళీ మందు పేలిస్తే మంద కదులుతుంది. పంట కాపలాకు గొట్టం మూతిలోంచి మందు కూరే తుపాకి, అది చాలదనుకుంటే మరో నునుపు గొట్టపు తుపాకి ఇవ్వవచ్చని 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. చట్టం ఇచ్చిన హక్కును ఫైళ్లలో తొక్కిపెడితే రైతు ఏం చేస్తాడు? కంచెకు కరెంటు తీగ కడతాడు. ఆ తీగకు అడవిపంది చస్తుంది, పక్కపొలం మనిషీ చస్తాడు. తీగ కాకపోతే పేలుడు మందు పెట్టేవాళ్లూ ఉన్నారు. 2020 మేలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో గర్భిణి ఏనుగు పేలుడు మందు పెట్టిన కాయ కొరికి చచ్చింది. లైసెన్సున్న తుపాకి బాధ్యత కలిగిన వస్తువు. దానికి నంబరుంది, యజమాని పేరుంది. దొంగతీగకు ఏముంది?

అన్నిటికంటే నన్ను మండించేది ఎన్నికల వేళ తుపాకుల జమ. మన అసెంబ్లీ పోలింగ్ తేదీలు చూడండి. 2014లో మే 7, 2019లో ఏప్రిల్ 11, 2024లో మే 13. మూడుసార్లూ కాయ చెట్టుమీద ఉన్న రోజులే. నోటిఫికేషన్ రాగానే తుపాకులన్నీ స్టేషన్‌కు చేరాలి. కాపలా తుపాకి కాపలా వేళకు తోటలో ఉండదు. రెండు నెలలపైన నూనెచుక్క లేకుండా గోనెసంచిలో పడివుండి తిరిగొచ్చిన తుపాకి గొట్టంలోకి చూశాను. అద్దంలా ఉండాల్సిన లోపలిభాగం నిండా తుప్పు మచ్చలు. తాతలు తరాలపాటు తుడిచి దాచింది ఒక్క వేసవిలో పోయింది. దానికి నష్టపరిహారం లేదు, కనీసం పశ్చాత్తాపం కూడా లేదు. ఎన్నికల సంఘం నిబంధనలు అడిగేది స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్క లైసెన్సునూ పరిశీలించాలని. నేరచరిత్ర ఉన్నవాడి తుపాకి తీసుకోండి, ఎవరూ కాదనరు. మచ్చలేని రైతును రౌడీషీటరుతో ఒకే గాటన కట్టే హక్కు ఎవరికీ లేదు.

ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం రైతులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే అసెంబ్లీ ఎన్నికలు జరగాల్సింది 2029లో. నోటిఫికేషన్ దాకా ఆగకండి. పంట కాపలా తుపాకులకు మినహాయింపు కోరుతూ ఇప్పుడే కలెక్టరుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. అయినా జమ చేయాల్సివస్తే, గొట్టం లోపల ఎలా ఉందో రసీదులో రాయించుకోకుండా తుపాకి ఇవ్వకండి.