లేని ఊరికి ఓ భాష!

ముందు మ్యాపు గీస్తారు. అందులో ఓ నది, దాని ఒడ్డున ఓ తెగ. వాళ్లు ఏం తింటారు, ఎవర్ని పెళ్లాడతారు, ఏ దేవుణ్ని మొక్కుతారు... అన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కిస్తారు. ఆఖరికి ఆ మనుషులు మాట్లాడుకోవడానికి ఓ భాష కూడా కట్టేస్తారు! చాలా దేశాల్లో కుర్రకారుకి ఉన్న సరదా ఇది.

పిచ్చిరాతలని కొట్టిపారేయకండి. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్‌కి చిన్నప్పట్నుంచీ ఇదే పని. తన భాషలకు ఓ లోకం కావాలనే కథలు అల్లానని ఆయనే చెప్పుకొన్నారు. 'బాహుబలి' (2015)లో కాలకేయులు మాట్లాడే కిలికి గుర్తుందిగా? అది తమిళ రచయిత మదన్ కార్కి సృష్టి.

నీళ్లకో మాట, నిప్పుకో మాట పెట్టేస్తే భాష అయిపోదు. మన 'మామయ్య'నే చూడండి. అమ్మ తమ్ముడూ మామయ్యే, పిల్లనిచ్చినాయనా మామయ్యే. మేనరికం ఉన్న సమాజం కాబట్టి ఆ రెండు వరసలకీ ఒకటే పిలుపు. 'మనం' అంటే ఎదుటివాడు మనలో ఉన్నట్టు, 'మేము' అంటే లేనట్టు. ఇంగ్లిషులో ఈ తేడాకి వేరే మాటల్లేవు. మరి నోటుపుస్తకంలోని తెగ సంగతేంటి? ఈ ప్రశ్న వేసుకున్న పిల్లలు భాషాశాస్త్రం గుమ్మందాకా వచ్చేసినట్టే.

'అయితే అదే చదవనా?' అంటే అమ్మానాన్నలకు గుబులు. తొందరపడి వద్దనకండి, సరేననీ అనకండి. ఎందుకంటే అక్కడ నేర్పేది భాషల్ని పుట్టించడం కాదు, ఉన్నవాటిని చెవిపెట్టి వినడం. 'స్టార్ ట్రెక్' సినిమాల కోసం క్లింగాన్ భాషను తయారుచేసిన మార్క్ ఓక్రాండ్ అంతకుముందు పీహెచ్‌డీ చేసింది ముత్సున్ మీద. అది కాలిఫోర్నియా ఆదివాసుల భాష. ధారాళంగా మాట్లాడే చివరి మనిషి 1930లోనే పోయారు. ఆమె చెప్పగా రాసుకున్న కాగితాల్లోంచే ఆయన వ్యాకరణం తవ్వితీశారు. ఆ తెగవాళ్లు తమ భాషను మళ్లీ నేర్చుకోవడానికి ఆ పని అక్కరకొచ్చింది.

మన దగ్గరా అలాంటి పని బోలెడుంది. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాష మీద పుస్తకం రాశారు, 1969లో అచ్చయింది. గోండి, కొలామి, కువి... విని రాసేవాళ్ల కోసం చూస్తున్నాయి. ఉస్మానియాలోనూ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఎంఏ చదవొచ్చు. నిఘంటువులు, అనువాదం, కంప్యూటర్‌కి మాటలు నేర్పడం లాంటి పనులున్నాయి. కాలేజీలో పాఠాలు చెప్పాలంటే ఎంఏ ఒక్కటే చాలదు.

నిర్ణయానికి ముందు ఓ చిన్న పరీక్ష. మీకు రాని భాష మాట్లాడేవాళ్ల దగ్గర, లంబాడీయో, కోయో, ఒక రోజు కూర్చోమనండి. యాభై మాటలు అడిగి, విన్నది విన్నట్టు రాసుకోమనండి. లేని ఊరికి మాటలు కట్టినప్పటి హుషారే ఇక్కడా ఉంటే... నిశ్చింతగా దరఖాస్తు పెట్టించండి. లేదంటారా, ఆ నోటుపుస్తకం ఎటూ పోదు. సరదాకి డిగ్రీ అక్కర్లేదు!