అప్పు ఎన్నుకొనిన చదువు

నేటి యువకులకు విద్యపై ప్రేమ లేదనియు, వారి దృష్టి యంతయు జీతముపైననే యనియు నిందించుట పెద్దలకు పరిపాటియైనది. చరిత్ర, భాష, తత్త్వము బోధించు తరగతులు బోసిపోవుట, ఇంజనీరింగు కళాశాలల ముంగిట విద్యార్థులు బారులు తీరుట వారికి యువజనుల లోభమునకు సాక్ష్యముగా దోచును. ఈ నింద న్యాయమైనది కాదు.

విద్యార్థి కోరిక మారకమునుపే విద్య వెల మారినది. 1964–66 నాటి కొఠారి కమీషను జాతీయాదాయమున నూటికి 6 వంతులు విద్యకై వెచ్చింపవలెనని సూచించెను. 1968, 1986, 2020 సంవత్సరముల జాతీయ విద్యావిధానములు మూడును ఆ మాటనే వల్లించినవి. దేశ మింతవరకు ఆ అంకెను అందుకొనలేదు. నడుమ 1997లో కేంద్ర ఆర్థికశాఖ సబ్సిడీలపై వెలువరించిన చర్చాపత్రము, ప్రాథమిక విద్యను ప్రభుత్వసహాయమునకు తగినదిగా నెంచి, ఉన్నత విద్యను ఆ పంక్తినుండి లేపివేసెను. 1993లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ప్రతివాదిగా నుండిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున, ప్రైవేటు వృత్తికళాశాలలలో సగము సీట్లు ప్రతిభ ననుసరించి స్వల్ప రుసుముతో నీయవలెనని సుప్రీంకోర్టు ఏర్పాటు చేసెను. 2002లో విస్తృత ధర్మాసనము, విద్యలో లాభార్జన కూడదనుచునే, ఆ ఏర్పాటును తొలగించెను. ఈలోగా 2001లో రూపొందిన ఆదర్శ పథకము ననుసరించి బ్యాంకులు విద్యాఋణము లీయసాగినవి. చదువుచున్నంతకాలము వాయిదా లుండవు. వడ్డీ మాత్రము పెరుగుచునే యుండును.

కౌలురైతు కూతురికి చరిత్రపై మక్కువ యుండవచ్చును. కాని ఆ చరిత్రతో బ్యాంకు వాయిదా తీరునా? దరఖాస్తుపై సంతకము చేయునది ఆమెయే; ఏ చదువో నిర్ణయించునది అప్పు. సంపన్నుని కూతురు మాత్రము తనకు నచ్చిన శాస్త్రము చదువగలదు. ఈ విధముగా ఎంపికయే యొక సొత్తుగా మారినది.

విద్యాఫలము చదివినవానికే చెందును గనుక వెలయు వాడే చెల్లింపవలెనని కొందరు అర్థశాస్త్రజ్ఞు లందురు. పల్లెలో పాఠము చెప్పు ఉపాధ్యాయుని చదువు, సర్కారు ఆసుపత్రిలోని వైద్యుని చదువు, శిథిలమైన శాసనమును చదివి చెప్పు పండితుని చదువు ఎవరికి ఫలించుచున్నవి? ధనికుల బిడ్డలకు ప్రజల సొమ్మేల యని మరికొందరి ప్రశ్న. దానికి సమాధానము ఆదాయపుపన్ను. విద్యవలన అధికముగా నార్జించినవానినుండి పిమ్మట అధికముగా తీసికొనవచ్చును. పేదవానినుండి ముందే వాకిట సుంకము వసూలు చేయ నక్కరలేదు.

మనుష్యుడు మూడు ఋణములతో పుట్టుననియు, వానిలో ఋషిఋణము అధ్యయనము వలన తీరుననియు పూర్వుల మాట. నేడు అధ్యయనమే అప్పునకు హేతువైనది. యువకులు తమ వాయిదాలు నెలనెలకు కట్టుచునే యున్నారు. వారిని లోభులని నిందించుటకు ముందు, పెద్దలు అరువదేండ్లుగా తాము బాకీపడిన ఆ 6 వంతులకు లెక్క చెప్పవలెను.