యంత్రం రాస్తే విలేకరి ఏం చెయ్యాలి?

కంపెనీల లాభనష్టాల వార్తల్ని కంప్యూటరుతో రాయించడం అమెరికాలోని అసోసియేటెడ్ ప్రెస్ 2014లోనే మొదలుపెట్టింది. మూడు నెలలకు సుమారు 300 వార్తలిచ్చే సంస్థ 3,000 దాకా ఇవ్వగలిగింది. అంకెలు సరిగా అందిస్తే యంత్రం సరిగానే రాస్తుంది, ఒప్పుకుందాం. కానీ సీనెట్ అనే సంస్థ యంత్రంతో రాయించిన 77 వ్యాసాల్లో 41కి 2023లో దిద్దుబాట్లు వేసుకోవాల్సి వచ్చింది. యంత్రం తప్పును కూడా తడుముకోకుండా చెబుతుంది, ప్రమాదమంతా అక్కడే!

చెరువు గట్టు తెగితే ఊరికెళ్లి, ఇల్లు పోయినవాణ్ణీ ఇంజనీరునూ అడిగి, ఇద్దరి మాటా సరిచూసేది విలేకరే. మరి యంత్రంవల్ల మిగిలిన డబ్బుతో యాజమాన్యాలు ఆ విలేకరిని ఊళ్లకు పంపుతాయా, ఇంటికి పంపుతాయా? పత్రికల భవిష్యత్తు తేలేది ఇక్కడే.

మిత్రులారా, యంత్రాన్ని తిట్టి లాభం లేదు. "ఈ వార్తకోసం ఊరికెళ్లిందెవరు?" అని పాఠకులం మనమే అడగాలి.