నీళ్ల డ్రమ్ము, మేక గుండె

మన బస్తీలలో పదో తరగతి చదివే పిల్లవాణ్ణి గుండె గురించి అడిగితే, నాలుగు గదులుంటాయని తడుముకోకుండా చెబుతాడు. ఎడమ జఠరిక గోడ కుడిదానికంటే ఎందుకు మందంగా ఉంటుందని అడిగితే తల దించుకుంటాడు. ఇటీవల ఒక పాఠశాలలో ఈ ప్రశ్నకు జవాబిచ్చినవాడు మార్కులలో ముందున్న విద్యార్థి కాదు. సెలవు దినాలలో తండ్రి మాంసం దుకాణంలో కూర్చునే కుర్రవాడు. ఉపాధ్యాయుడు ఆ దుకాణం నుంచే మేక గుండెను తెప్పించి, నిలువుగా కోయించి, రెండు గోడలనూ వేళ్లతో ఒత్తి చూడమన్నారు. "ఇటు రక్తం ఊపిరితిత్తుల దాకా పోతే చాలు సార్, అటుది కాళ్ల దాకా పోవాలి కదా" అన్నాడా అబ్బాయి. అంతవరకు అతనిది వెనుక బెంచీ. (మాంసం చూడలేని పిల్లలుంటే బలవంతం వద్దు. నానిన శనగ గింజలోనూ అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి.)

చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. అంతకు చాలా ముందే, 1972లో, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పాఠశాలలతో మొదలైన విజ్ఞానశాస్త్ర బోధనా కార్యక్రమం చుట్టుపక్కల దొరికే వస్తువులతోనే మూడు దశాబ్దాలు నడిచింది. 2002లో ప్రభుత్వమే దానిని మూసివేసింది.

మన వీధులలో పొలాలు లేవు, నీళ్ల డ్రమ్ములున్నాయి. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే ఇంట్లో డ్రమ్ము తప్పదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేదీ అక్కడే. లార్వాలున్న నీటిని సీసాలో పట్టి, మూతికి పలుచని గుడ్డ బిగించి కట్టి ఉంచితే, అవి ప్యూపాలై దోమలు కావడం పిల్లలు కొద్ది రోజులలోనే కళ్లారా చూస్తారు. అక్కడితో ఆగకూడదు. డ్రమ్ము ఖాళీ చేసి నింపినా మళ్లీ పురుగులెలా వచ్చాయి? పురుగు పట్టిన రెండు డబ్బాలలో ఒకదానిని ఖాళీ మాత్రమే చేసి, రెండవదానిని పీచుతో రుద్ది కడిగి, రెండింటిలోనూ శుభ్రమైన నీరు పోసి గుడ్డ కట్టి చూడమనండి. గుడ్లు నీటి అంచుకు పైన గోడనంటుకుని, ఎండినా నెలల తరబడి బ్రతికుంటాయన్న సంగతి అప్పుడు బోధపడుతుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న గుర్తించింది మన సికింద్రాబాదులోనే అని కూడా ఆనాడే చెప్పవచ్చు.

అయితే స్థానిక వస్తువులు చాలునన్న మాటను అధికారులు వెంటనే అందిపుచ్చుకుంటారు. "నిధుల కొరత దృష్ట్యా" అనే నోటు ఎంత సులభంగా రాయవచ్చో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసిన నాకు తెలుసు, నేనూ రాశాను. లార్వా కంటికి కనబడుతుంది, మలేరియా క్రిమి కనబడదు. దానికి సూక్ష్మదర్శిని కావాలి. జీవశాస్త్ర ఉపాధ్యాయుని పోస్టే ఖాళీగా ఉన్న ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఆ గుండెను కోసి చూపేదెవరు? డ్రమ్ము మనం తెస్తాం. ఉపాధ్యాయుణ్ణి, సూక్ష్మదర్శినిని ప్రభుత్వం ఇవ్వాలి.

మీ పిల్లల బడిలో ఈ రెండింటిలో ఏది లేకపోయినా తల్లిదండ్రులందరి సంతకాలతో జిల్లా విద్యాశాఖాధికారికి అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. రాయడం రానివారు మా కార్యాలయానికి రండి. ఉర్దూలోనైనా తెలుగులోనైనా నేనే రాసిపెడతాను.