షుగరూ, కళ్ళూ, ఓ కంప్యూటరూ

ఈమధ్య నలుగురు సాఫ్ట్‌వేర్ వాళ్ళు కలిస్తే చాలు, ఏఐ కబుర్లే. అందులో నాకు నిజంగా ముచ్చటేసేది ఒకటుంది: కంటి లోపలి ఫోటో చూసి జబ్బు పట్టేయడం.

షుగరు వల్ల కంటి వెనకుండే రెటీనాలో సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. చిక్కేమిటంటే మొదట్లో నొప్పీ ఉండదు, చూపూ తగ్గదు. ముందే పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్లతోనో ఉన్న చూపు కాపాడుకోవచ్చు. పోయిన చూపు మాత్రం చాలావరకు తిరిగి రాదు.

2016లో గూగుల్ వాళ్ళు 1,28,175 ఫోటోలు, వాటిమీద 54 మంది డాక్టర్ల తీర్పులు పెట్టి ఓ ప్రోగ్రాముకి ఈ విద్య నేర్పారు. వాటిలో మన మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ నుంచి వెళ్ళిన ఫోటోలూ ఉన్నాయి. పరీక్షలో అది కంటి డాక్టర్లకి దీటుగా నిలబడింది. భేష్!

అయితే జబ్బు పట్టుకోవడం ఇందులో తేలికైన భాగం అని నా అభిప్రాయం.

ఆ ప్రోగ్రాముని థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్కుల్లో పెట్టి ఏం జరిగిందో 2020లో రాశారు. గదుల్లో వెలుతురు కుదరక ఫోటోలు సరిగా రాలేదని ఐదో వంతుకి పైగా యంత్రమే తిప్పికొట్టింది. జబ్బుందంటే దూరాన ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళాలని తెలిసి కొందరు అసలు ఒప్పుకోలేదు. కోడు తప్పు కాదు, దారిఖర్చుల గొడవ.

మా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఇంకో గొడవ. మా బిల్డింగులో జగిత్యాల అన్న ఒకాయన డ్రైవరు. ఎనిమిదేళ్ళుగా షుగరు. కళ్ళు చూపించుకోమంటే ఏమన్నాడో తెలుసా? "మంచిగనే కనవడుతున్నయ్ గద తమ్మీ! డాక్టరు ఏమన్న రాస్తే నౌకరి పోతది." ఆయనకి రెటీనా ఫోటో అంటే ఇంటికి పంపేసే కాగితం. ఎంత తెలివైన ప్రోగ్రామైనా, దాని ముందు కూర్చోని మనిషి కన్ను చూడలేదు కదా!

ముందు జబ్బు తెలియనీ, తర్వాత సంగతి తర్వాత అంటారు కొందరు. అదే వద్దంటున్నాను. హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ వాళ్ళు ఈ ఏఐ కబుర్లు ఇంతగా మొదలవకముందే ఊళ్ళలో చిన్న కంటి కేంద్రాలు పెట్టి, ఆ ఊరి పిల్లలకే శిక్షణ ఇచ్చి, అక్కణ్ణుంచి పై ఆసుపత్రులకి మెట్లు కట్టారు. అలాంటి మెట్లున్నచోట యంత్రం పెడితే దానికో అర్థం.

అంచేత గల్ఫులో కార్మికులుండే చోటికి కెమెరా తెస్తామంటే మూడు విషయాలు ముందే తేల్చాలి. ఫలితం కంపెనీకి కాక మొదట ఆ మనిషికి, ఆయన భాషలో చెప్పాలి. ఆసుపత్రికి వెళ్ళడానికి జీతం కోయని సెలవివ్వాలి. వైద్యం చేయించుకున్నందుకు ఉద్యోగం పోకూడదు.

ఇవి ప్రోగ్రామర్లు రాసేవి కావు, నిజమే. కానీ ఇవి తేలకుండా యంత్రం అమ్ముడైతే మనం చేసేది చూపు పోబోయేవాళ్ళ జాబితా మాత్రమే. మీరేమంటారు?